కలిపి రాసిన సెకన్లు

జూలై 3, సోమవారం

ఇవాళ లైబ్రరీ మేడం గ్రౌండులో పరిగెత్తింది. దాన్ని పరుగు అనాలంటే చాలా పెద్ద మనసు కావాలి. చేతులు ఒక దారి, కాళ్ళు ఒక దారి, ముక్కు మీంచి జారిపోయే కళ్ళద్దాలది ఇంకో దారి. వెనకాల తొమ్మిది మంది పిల్లలు. ఎవరా తొమ్మిది మంది? ఏడాది పొడుగునా నా పీరియడ్‌కి చీటీలు పట్టుకొచ్చి గోడ నీడన కూలబడే బ్యాచ్. కడుపునొప్పి, కాలు బెణికింది, నిద్ర లేదు, బూట్లు ఇరుకు. అందులో ఒక పిల్లయితే వారానికో కొత్త జబ్బు కనిపెడుతుంది. దానికి నేను చీటీల పిల్ల అని పేరు పెట్టుకున్నాను. అది కూడా పరిగెడుతోంది, బడిగంట కొట్టకముందే వచ్చి మరీ.

పందొమ్మిదేళ్ళుగా ఈ స్కూల్లో ఆటల మాస్టార్ని. నాకొక్క మాట చెప్పాలా వద్దా? నేరుగా పెద్దమేడం దగ్గరికెళ్ళి పర్మిషన్ తెచ్చుకుందట. స్టాఫ్ రూములో కదిపితే, తనకి పరుగు రాదనీ, చిన్నప్పుడు ఎప్పుడూ ఆఖరేననీ, అందుకే వీళ్ళతో బాగా కుదురుతుందనీ చెప్పి నవ్వేసింది. రానిది నేర్పడం కూడా ఒక గొప్పే అన్నమాట.

నాకేం. చీటీలు చదివే బాధ తప్పింది. నేనసలు పట్టించుకోలేదు.

జూలై 4, మంగళవారం

పట్టించుకోలేదని రాశాను కానీ ఇవాళ అరగంట ముందే స్కూలుకి వెళ్ళాను. బంతుల్లో గాలి కొట్టాల్సిన పని ఉంది. ఆటల గది కిటికీ గ్రౌండు వైపే ఉంది, దానికి నేనేం చెయ్యను.

ఆవిడ పద్ధతి ఇదీ. ప్రతి పిల్లా పరుగు మొదలుపెట్టే ముందు ఆవిడ చెవిలో ఒక చోటు చెప్పాలి. గోల్‌పోస్టు దాకా, కుళాయి దాకా, అవతలి గోడ దాకా, వాళ్ళిష్టం. సరిగ్గా అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి రావాలి. ఎంతసేపట్లో అన్నది లేదు. ఎవరు ముందు అన్నది లేదు. దారిలో కబుర్లు కూడా చెప్పుకోవచ్చట! నా గ్రౌండులో ఇన్నేళ్ళలో పరిగెడుతూ నోరు విప్పినవాళ్ళు లేరు. ఇవాళ చీటీల పిల్ల వాళ్ళింటి కుక్కపిల్ల సంగతులన్నీ చెప్పుకుంటూ గోల్‌పోస్టు దాకా వెళ్ళి వచ్చింది. గోల్‌పోస్టు ఎంత దూరం? గట్టిగా తుమ్మితే అక్కడికి వినపడుతుంది. దానికి ఆవిడ చప్పట్లు.

దీన్ని వ్యాయామం అంటే బస్సు కోసం నిలబడటం కూడా వ్యాయామమే.

జూలై 7, శుక్రవారం

నెలవారీ పరీక్ష. గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు, ఒక్కొక్కరినీ విడిగా పరిగెత్తించి టైము తీస్తాను. పొద్దున్నే సున్నపు గీతలు నేనే గీశాను. ఆరో తరగతి వాళ్ళ టైములన్నీ ఎప్పటిలాగే గది బయట బోర్డు మీద వరసగా రాశాను. మొదటి పేరు పైన, ఆఖరి పేరు కింద. ఈ బోర్డు మీద నాకు చాలా గౌరవం. స్కూల్లో తక్కిన మార్కులన్నీ ఎవరో ఒకరు దిద్దుతారు, దయ తలుస్తారు, కోప్పడతారు. వాచీకి ఇవేమీ ఉండవు.

పొడుగుపిల్ల ఫస్టు, ముప్ఫై ఏడు. మా గువ్వకి మామూలుగా కలపాల్సింది కలిపి నలభై వేశాను. ఎనిమిదో పేరు. బోర్డు వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

గువ్వ మా అమ్మాయి. ఒక్కగానొక్కతి. పదకొండేళ్ళు. స్కూల్లో అందరి పిల్లల్లాగే నన్ను సార్ అనాలని నేనే నియమం పెట్టాను. ఇంట్లో నాన్నా అంటుంది, అంటే పిలిచినప్పుడు అంటుంది. ఏడాదిన్నర కిందటి వరకూ పొద్దున్న ఆరింటికి నా సైకిల్ వెనక కూర్చుని గ్రౌండుకి వచ్చేది. ప్లాస్టిక్ కోన్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి నెత్తి మీద పెట్టుకుని నడిచేది. నా విజిల్ తీసుకుని నన్నే పరిగెత్తించేది. ఉన్నట్టుండి మానేసింది. నిద్ర వస్తోందంది. సరేలే, వయసు. ఆ వయసొచ్చాక పిల్లలు తండ్రి వెనకాల తిరుగుతారా.

జూలై 12, బుధవారం

బంతుల్లో గాలి కొడుతున్నాను. కిటికీలోంచి చూస్తే లైబ్రరీ మేడం వెనక పది మంది. తొమ్మిది కాదు, పది. పదోది మా గువ్వ.

ముందు వేరే పిల్ల అనుకున్నాను. ఎందుకంటే ఆ పిల్ల నవ్వుతోంది. కడుపు పట్టుకుని నవ్వుతూ పరిగెడుతోంది. మేడం కళ్ళద్దాలు కిందపడితే వెనక్కొచ్చి తీసి, తన కళ్ళకి పెట్టుకుని, తూలుతూ నాలుగడుగులు వేసి, మళ్ళీ ఆవిడకి ఇచ్చింది. నా కూతురికి హాస్యం చెయ్యడం వచ్చని నాకు ఈ మధ్య గుర్తులేదు.

ఇంట్లోంచి తొందరగా బయల్దేరితే ఏదో హోంవర్కు అనుకున్నాను. నిద్ర వస్తోందన్న పిల్ల. ఆరింటికి నాతో రావడానికి నిద్ర, ఏడున్నరకి ఆవిడతో పరిగెత్తడానికి మెలకువ!

అరికాలి మంట నెత్తికెక్కింది. పంపు సూది బంతిలోనే విరిగింది.

జూలై 13, గురువారం

మా ఆవిడకి ముందే తెలుసట.

జూలై 19, బుధవారం

మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది. రోజంతా భయపడే మొహాలు చూసి చూసి, మనిషి నోరు తెరవకముందే నొప్పి ఎక్కడో చెప్పేస్తుంది. అన్నం దగ్గర నా మొహం చూసి, "మీకు కుళ్ళు" అంది. కుళ్ళా? ఒక లైబ్రరీ ఆవిడ మీద నాకు కుళ్ళా? నేను జిల్లా స్థాయిలో నాలుగు వందల మీటర్లు పరిగెత్తినవాణ్ణి. ఆవిడ పుస్తకాల అట్టలకి జిగురు రాసుకునే మనిషి.

మాటల్లో చెప్పడం ఎందుకని, పోయిన వారం గువ్వకి పరుగు బూట్లు కొన్నాను. మంచివి, అడుగున బుడిపెలున్నవి. ఆదివారం మనిద్దరం గ్రౌండుకి వెళ్దాం, లేసులు ఎలా కట్టాలో చూపిస్తానన్నాను. చూద్దాం అంది. ఆదివారం ప్రాజెక్టు పని ఉందంది. సోమవారం ఆ బూట్లేసుకుని ఆవిడతో పరిగెత్తింది. లేసులు ఆవిడే కట్టింది. తప్పుగా కట్టింది, కిటికీలోంచి చూసినా తెలుస్తోంది.

కుళ్ళు కాదు. వృత్తి ధర్మం. తప్పు చూస్తే ఊరుకోలేను.

జూలై 24, సోమవారం

ఇవాళ ఒకటి జరిగింది. రాయాలా వద్దా అని పెన్ను పక్కన పెట్టి, మళ్ళీ తీశాను.

మధ్యాహ్నం చీటీల పిల్ల నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది. దానంతటది రావడం ఇదే మొదటిసారి. చేతిలో చీటీ లేదు. ఊపిరి బిగబట్టి చెప్పింది, పొద్దున్న నీళ్ళ ట్యాంకు దాకా ఆగకుండా వెళ్ళి వచ్చిందట. నీళ్ళ ట్యాంకంటే గ్రౌండు అవతలి చివర. ఈ పిల్ల నా పీరియడ్‌లో ఇరవై అడుగులు వేస్తే కూర్చునేది. చెంపలు రెండూ ఎర్రగా ఉన్నాయి. మెచ్చుకుంటానని వచ్చింది. కళ్ళల్లో కనపడుతూనే ఉంది.

నేను, "ఎన్ని సెకన్లలో?" అన్నాను.

అంతే. దీపం ఆర్పినట్టు ఆ మొహం ఆరిపోయింది. తెలీదు సార్ అని గొణిగి వెళ్ళిపోయింది.

నేనేం తప్పడిగాను? పరుగన్నాక దూరం ఉంటుంది, సమయం ఉంటుంది. కానీ మాట నోట్లోంచి వచ్చేముందే నాకు తెలుసు, అది దాని మొహం మీద ఏం చేస్తుందో. తెలిసే అన్నాను. ఆ ట్యాంకు దాకా తీసుకెళ్ళింది నేను కాదు కాబట్టి అన్నాను. సరే, రాసేశాను. ఇక దీని గురించి ఆలోచించను.

ఆగస్టు 1, మంగళవారం

పెద్దమేడంతో మాట్లాడాను. చాలా మర్యాదగానే మాట్లాడాను. శిక్షణ లేని మనిషి పిల్లల్ని పరిగెత్తిస్తే రేపు ఎవరిదైనా చీలమండ మెలిపడితే పూచీ ఎవరిది, ఒళ్ళు వెచ్చబడకుండా పరుగేమిటి, లెక్కాపత్రం లేకుండా అభివృద్ధి ఎలా తెలుస్తుంది, ఇలా. అన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు. అవన్నీ కలిపి చెప్పడానికి నన్ను అక్కడికి నడిపించింది మాత్రం నిజం కాదు, అది నాకూ తెలుసు.

పెద్దమేడం కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి తీర్పు చెప్పింది. పదకొండో తారీకు శుక్రవారం ఆరో తరగతి మొత్తానికీ నా వాచీతోనే పరీక్ష. ఈ నెల పరీక్ష అదే. స్కూళ్ళ మధ్య జరిగే రిలేకి నలుగుర్ని కూడా అందులోంచే తీసుకోవాలి. లైబ్రరీ మేడం పిల్లల టైములు మెరుగైతే పొద్దుటి పరుగు ఉంటుంది. లేకపోతే ఆపేస్తారు.

ఆవిడకి కబురు తెలిసింది. నాతో ఒక్క మాటా అనలేదు. కనీసం మొహం మాడ్చుకోలేదు. మొహం మాడ్చుకుంటే నాకు కొంచెం బాగుండేది.

ఆగస్టు 2, బుధవారం

పొడుగుపిల్ల తండ్రి వకీలు. రెండేళ్ళ కిందట తల్లిదండ్రుల సమావేశంలో అందరి ముందూ నవ్వుతూ అన్నాడు, వాచీ నాన్న చేతిలో ఉంటే ఏ పిల్లయినా ఫస్టు వస్తుందని. అప్పుడు గువ్వ బోర్డు మీద మొదటి పేరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చెవులు కాలిపోయాయి.

ఆ తర్వాతి నెల నుంచి గువ్వ టైముకి అర సెకను కలపడం మొదలుపెట్టాను. వాచీ నొక్కడంలో చెయ్యి తేడా వస్తుంది, కూతురని తెలియకుండానే ముందు నొక్కుతానేమో, అందుకని అర సెకను. న్యాయమే కదా. తర్వాత ఒకటి చేశాను, ఎందుకంటే అర సెకను కలిపినా ఫస్టే వస్తోంది. తర్వాత రెండు. ఇప్పుడు మూడు. నోరెత్తడానికి ఎవరికీ సందు లేదు. సొంత కూతురని చూడని మాస్టారని పేరొచ్చింది.

పిల్లకేం నష్టం? పై క్లాసుకి వెళ్ళాక వేరే వాచీ వస్తుంది, వేరే మాస్టారు వస్తాడు, అప్పుడు తెలుస్తుంది. ఈలోగా కష్టపడటం అలవాటవుతుంది. మంచికే చేశాను.

ఈ పేజీ మూడుసార్లు చదువుకున్నాను. చదివినప్పుడల్లా ఒక వాక్యం తగ్గుతోంది నమ్మడానికి.

ఆగస్టు 9, బుధవారం

ఎల్లుండి పరీక్ష. కిటికీ దగ్గర నిలబడ్డాను, బంతుల వంక కూడా ఏమీ పెట్టుకోలేదు. గువ్వ ఇవాళ చీటీల పిల్ల పక్కనే పరిగెత్తింది. దాని వేగానికి తన వేగం తగ్గించుకుని, కొంగలా మోకాళ్ళు పైకెత్తి, దాన్ని నవ్విస్తూ. నాకు ఇప్పుడు చీటీల పిల్ల మీద కూడా కుళ్ళుగానే ఉంది. ఆ మాటే రాస్తున్నాను, ఇంకో మాట దొరకలేదు.

ఆగస్టు 11, శుక్రవారం

వరసగా రాస్తాను.

ముందు లైబ్రరీ పిల్లలు. నేను విజిల్ వేసి వాచీ ఎత్తేసరికి తొమ్మిది మందీ మళ్ళీ పాత చీటీల బ్యాచ్ అయిపోయారు. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. నీళ్ళ ట్యాంకు దాకా కుక్కపిల్ల కబుర్లతో వెళ్ళొచ్చే పిల్ల సగం రౌండులో ఆగిపోయి, నా చేతిలో వాచీ వైపు చూసి, పక్కకి జరిగి కక్కుకుంది. లైబ్రరీ మేడం వెళ్ళి వీపు నిమిరింది. నేను టైము గళ్ళో గీత పెట్టాను. అంటే లేదు అని. ఒక్కళ్ళ టైము కూడా మెరుగు కాలేదు. నేను గెలిచాను. గెలిచానని నాకు తెలిసింది, సంతోషమేమీ రాలేదు.

తర్వాత మిగతావాళ్ళు. ఆఖర్న గువ్వ.

ఆ పరుగు గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. పందొమ్మిదేళ్ళలో చాలామంది పిల్లల్ని చూశాను. మలుపు దగ్గర లోపలి భుజం వంచి, పాదం నేలకి తగిలీ తగలనట్టు పెట్టి, ఎవరూ నేర్పకుండా అలా పరిగెత్తే పిల్ల పదేళ్ళకి ఒకత్తి వస్తుంది. అది నా ఇంట్లోనే ఉంది. వాచీ నొక్కాను. ముప్ఫై ఆరు పాయింట్ నాలుగు. పొడుగుపిల్లది ముప్ఫై ఆరు పాయింట్ తొమ్మిది. అప్పటికి దానిదే ఫస్టు.

గువ్వ నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఎప్పుడూ రాదు. ఆయాసపడుతూ నా మోచేతి పక్కన నిలబడింది. వాచీ అంకెలు దానికి కనపడుతున్నాయి, నాకూ కనపడుతున్నాయి. నా చెయ్యి బోర్డు దగ్గరికి వెళ్ళింది. ముప్ఫై తొమ్మిది పాయింట్ నాలుగు అని రాసింది.

నేను రాయలేదు, చెయ్యి రాసింది అంటే ఎవరు నమ్ముతారు. రెండేళ్ళ అలవాటు. రాశాక చూశాను. గువ్వ బోర్డు చూసింది, వాచీ చూసింది, నా మొహం చూసింది. "థాంక్యూ సార్" అని వెళ్ళిపోయింది.



అదే రోజు, సాయంత్రం

ఇంటికొచ్చేసరికి గువ్వ వంటింటి గట్టు మీద కూర్చుని బూట్ల అడుగున మట్టి పుల్లతో తీస్తోంది. మా ఆవిడ ఇంకా రాలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని చెప్పేశాను. వకీలు నవ్వడం దగ్గర్నుంచి, అర సెకను దగ్గర్నుంచి, మూడు సెకన్ల దాకా. నీళ్ళు నములుతూ చెప్పాను. మధ్యలో నాకే అర్థం కాలేదు నేనేం చెబుతున్నానో.

"తెలుసు" అంది.

ఎలా తెలుసన్నాను. పోయిన ఏడాదే తెలుసట. బోర్డు మీద అంకె నమ్మకం కుదరక, పక్క బెంచీ పిల్లని క్లాసు గడియారం దగ్గర నిలబెట్టి, కిటికీలోంచి తనని చూస్తూ సెకన్ల ముల్లు లెక్కపెట్టమని, మూడు రోజులు మూడు సార్లు పరిగెత్తి చూసుకుందట. మూడు సార్లూ బోర్డు కంటే తక్కువే వచ్చిందట. పుల్ల విరిగితే ఇంకోటి తీసుకుని, తల ఎత్తకుండా చెబుతోంది.

మరి నన్నెందుకు అడగలేదన్నాను.

"నేను రావడం నీకు ఇష్టం లేదనుకున్నా. అందుకే ఎక్కువ వేస్తున్నావనుకున్నా. అందుకే మానేశా, నాన్నా."

ఎంత పరిగెత్తినా రాదనుకుని మానేసిందేమో అని ఈ మధ్య నాకు భయంగా ఉండేది. అదైతే ఎంతో మేలు. వచ్చునని తెలిసే మానేసింది. నాకు అడ్డు తప్పుకుందామని మానేసింది. నా ముందు కూర్చుని, నాకేదో సాయం చేసినట్టు చెబుతోంది.

ఏడవకూడదనుకున్నాను. బూటు చేతిలోంచి తీసుకుని నేను కూడా మట్టి గీకడం మొదలుపెట్టాను.

రేపే బోర్డు మీద సరిచేస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"వద్దు. ఇప్పుడు మారిస్తే నువ్వు నాకోసం తగ్గించావంటారు."

పదకొండేళ్ళ పిల్లకి తోచింది నాకు తోచలేదు. నిజమే. ఆ బోర్డు మీద నా కూతురి నిజమైన టైము ఇక ఎప్పటికీ రాయలేను. నేను ఏం రాసినా అది అబద్ధంలాగే ఉంటుంది.

ఆ తర్వాత తనే చెప్పింది, లైబ్రరీ మేడంకి ఈ సంగతి ఎప్పుడో చెప్పానని. స్టాఫ్ రూములో ఇన్నాళ్ళూ ఆవిడ నాకు టీ కప్పు అందిస్తోంది, నవ్వుతోంది, ఆ ఫిర్యాదు తర్వాత కూడా. అన్నీ తెలిసి. ఆవిడేమందని అడిగాను.

"మీ నాన్నకి నువ్వంటే ఇష్టం లేక కాదు, జనమంటే భయం, అంది."

నన్ను వెనకేసుకొచ్చిందన్నమాట. నేను ఆవిడ కాళ్ళకింద నేల తవ్వుతుంటే.

"నువ్వేమన్నావు?"

గువ్వ పుల్ల పక్కన పెట్టింది. "నేను నమ్మలేదు" అంది.

ఆగస్టు 12, శనివారం

ఒంటిపూట స్కూలు. పెద్దమేడం గదికి వెళ్ళి, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. కారణం అడిగింది. చెప్పాను. ఇంకెవరి టైములైనా మార్చారా అని సూటిగా అడిగింది. లేదన్నాను. తల కొట్టేసినట్టయింది, ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. గువ్వది సరిచెయ్యమంది. గువ్వ వద్దన్న మాట చెప్పాను. పేపర్‌వెయిట్ చాలాసేపు తిప్పింది. పొద్దుటి పరుగు ఉంటుంది, బోర్డు సంగతి రిలే అయ్యాక చూద్దాం అంది.

లైబ్రరీకి వెళ్ళాను. ఆవిడ ఒక అట్టకి జిగురు రాస్తోంది. క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, నోరు తెరిస్తే, గువ్వకి లేసులు తప్పుగా కడుతున్నారు మేడం, మడమ జారుతుంది అని వచ్చింది. ఆవిడ నా మొహం చూసి, తన బూటు బల్ల మీద పెట్టి, ఎలాగో చూపించమంది. చూపించాను. రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టించుకుంది. క్షమాపణ మాట రాలేదు. సోమవారం అడగాలి.

ఆవిడ మంచిది. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఆగస్టు 14, సోమవారం

రిలే జాబితా పెట్టాను. బోర్డు ప్రకారం మొదటి నలుగురు. గువ్వ అయిదో పేరు. పేర్లు అంటిస్తుంటే జిగురు సరిగా పట్టక కాగితం రెండుసార్లు ఊడింది. గువ్వ వచ్చి చదివి, నాలుగో పిల్ల వీపు మీద చరిచి వెళ్ళింది. ఈర్ష్య లేదు దాని మొహంలో. ఎవరి పోలికో తెలియదు, నా పోలిక మాత్రం కాదు.

స్కూలు వదిలాక గేటు దగ్గర నాలుగో పిల్ల తల్లి నా కోసం నిలబడి ఉంది. దర్జీ పని చేస్తుంది, మెడలో టేపు అలాగే ఉంది. గువ్వ నా పక్కనే ఉంది. ఆవిడ రెండు చేతులూ జోడించినంత పని చేసి, నాలాంటి నిజాయితీపరుణ్ణి చూడలేదంది. సొంత కూతుర్ని పక్కన పెట్టి మా పిల్లకి చోటిచ్చారు, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు సార్ అంది. చుట్టూ ఇంకో ముగ్గురు నలుగురు తల్లులు తలలూపారు. వకీలు కూడా కారు తలుపు పట్టుకుని వింటున్నాడు.

ఒక్క నవ్వు నవ్వి తప్పుకుంటే సరిపోయేది. గువ్వ చెప్పులు నేలకేసి రాస్తూ అటెటో చూస్తోంది.

"మీ అమ్మాయి బాగా పరిగెత్తిందమ్మా, ఆ చోటు దానిదే, ఎవరూ తీసెయ్యరు" అన్నాను. "కానీ నేను నిజాయితీపరుణ్ణి కాదు. మా అమ్మాయే క్లాసులో ఫస్టు. రెండేళ్ళుగా దాని టైముకి నేను సెకన్లు కలిపి రాశాను. మీరందరూ ఏమంటారోనని భయపడి."

వకీలు పకపకా నవ్వాడు. ఏ తండ్రికైనా అలాగే ఉంటుంది సార్, బాధపడకండి అన్నాడు. దర్జీ ఆవిడ జాలిగా చూసింది. ఒక్కళ్ళు నమ్మితే ఒట్టు. కూతురికి చోటు రాలేదని మాస్టారికి మనసు చెదిరింది అనుకుంటూ ఇళ్ళకి వెళ్ళి ఉంటారు. అనుకోనీ.

సైకిల్ నడిపించుకుంటూ వచ్చాం. లాండ్రీ దాటాం, మందుల షాపు దాటాం. ఇప్పుడైనా నమ్ముతావా అని నేను గువ్వని అడగలేదు. అడిగే హక్కు నాకుందని అనిపించలేదు. మలుపు దగ్గర సైకిల్ వెనక సీటు మీద చెయ్యి వేసింది. ఎక్కలేదు, ఊరికే చెయ్యి వేసి నడుస్తోంది.

"సరిగ్గా ఎంత వచ్చింది, నాన్నా? పాయింట్లతో సహా. ఆ రోజు పూర్తిగా కనపడలేదు."

ముప్ఫై ఆరు పాయింట్ నాలుగు అని చెప్పాను. దాన్ని లోపల్లోపల రెండుసార్లు అనుకుంది, పెదాలు కదిలాయి. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఆ నవ్వు నావైపే ఉంది, కిటికీ అడ్డం లేదు.

"రేపు పొద్దున్నే జెండా వందనం దగ్గర మేడంకి చెప్తాను" అంది.

మళ్ళీ కుళ్ళు భగ్గుమంది. అబద్ధం ఎందుకు, అప్పుడు కూడా భగ్గుమంది. చెప్పు తల్లీ అన్నాను, తప్పకుండా చెప్పు.

ఇంటికొచ్చి ఇది రాసుకుంటున్నాను. ముప్ఫై ఆరు పాయింట్ నాలుగు. ఇప్పటికి ఆ అంకె గువ్వకి తెలుసు, నాకు తెలుసు. లైబ్రరీ మేడంకి రేపు పొద్దున్న గానీ తెలియదు.